నీళ్లు పోయే దారి ఎవరికి పట్టింది?

అమెరికాలోని అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ అని ఒక ఊరుంది. జనాభా మూడు వేలు కూడా ఉండదు. చలికాలం వచ్చిందంటే మాత్రం ఊరి చుట్టూ ఎటు చూసినా క్యాంపర్ బండ్లే. మంచు కురిసే రాష్ట్రాల నుంచి రిటైరైన దంపతులు ఇల్లులాంటి బండిని తోలుకొచ్చి, లా పోసా అనే చోట ప్రభుత్వ భూమిలో దిగిపోతారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అక్కడ ఉండటానికి అనుమతి ఇస్తారు. బండి నిలిపిన చోట కుళాయి ఉండదు, కరెంటు తీగ ఉండదు. ట్యాంకులో పట్టి తెచ్చుకున్న నీళ్లే నీళ్లు.

అలాంటి చోట ట్యాంకు అడుగున ఉన్న చిన్న వాల్వ్ సెకనుకు ఒక చుక్క చొప్పున కారుతోందనుకుందాం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ లెక్కలో ఒక గ్యాలన్‌కు 15,140 చుక్కలు. ఆ లెక్కన రోజుకు 21 లీటర్లకు పైగా పోతాయి. 150 లీటర్ల ట్యాంకు ఎవరూ ముట్టుకోకుండానే వారం తిరిగేసరికి ఖాళీ. పడిన చుక్కను పడినట్టే ఇసుక తాగేస్తుంది కాబట్టి బండి కింద తడి కూడా కనబడదు. ఒకనాటి పొద్దున పంపు ఊరికే గిరగిరా తిరిగి, కుళాయిలోంచి గాలి వచ్చినప్పుడే సంగతి తెలుస్తుంది.

క్యాంపర్‌లో మామూలుగా మూడు రకాల ట్యాంకులుంటాయి. మంచినీళ్లది ఒకటి, సింకు నుంచీ షవర్ నుంచీ వచ్చే వాడకం నీళ్లది ఒకటి, మరుగుదొడ్డిది ఒకటి. చివరి రెండింటికీ చేత్తో లాగితే తెరుచుకునే పెద్ద వాల్వులు, లావుపాటి గొట్టాలు అమర్చి ఉంటాయి. వాసన వస్తుంది గనుక వాటి సంగతి అందరికీ పడుతుంది. మంచినీటి ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి చాలా బండ్లలో కనిపించేది చిటికెన వేలంత తెల్లటి ప్లాస్టిక్ బిరడా కుళాయి. దానికి రెండు చిన్న రెక్కల పిడి. అదీ బండి అంచున ఉండదు. మూర లోపలికి, ఇరుసు పక్కనో అడుగు అట్ట వెనకో దాక్కుని ఉంటుంది. తిప్పాలంటే కంకర మీద వెల్లకిలా పడుకుని చెయ్యి చాపాలి. తిప్పగానే మొదటి నీళ్లు మోచేతి మీదుగా చంకలోకి వస్తాయి. ఎండకూ దుమ్ముకూ పెళుసెక్కిన ప్లాస్టిక్ రెక్క ఏదో ఒక రోజు చేతిలోకి ఊడి వస్తుంది.

లక్షల రూపాయల బండికి ఇంత నాసిరకం బిరడా ఎందుకు పెడతారు? కొనేవాడు అక్కడ చూడడు కాబట్టి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పట్టణం ఈ బండ్ల పరిశ్రమకు రాజధాని లాంటిది. కరోనా భయంతో విమానాలూ హోటళ్లూ మానుకున్న జనం ఈ బండ్ల మీద పడ్డాక, 2021లో ఆ పరిశ్రమ 6 లక్షలకు పైగా బండ్లను బయటికి పంపింది. షోరూముకు వచ్చినవాళ్లు సోఫా మెత్తదనం చూస్తారు, టీవీ ఎంత పెద్దదో చూస్తారు, వంటగట్టు మీద చెయ్యి వేసి రాస్తారు. నేల మీద పడుకుని అడుగున ఏముందో చూసేవాళ్లు ఎందరు? బేరం కుదిరే చోట డబ్బు పెట్టి, కుదరని చోట మిగుల్చుకోవడం వ్యాపారికి ఎవరూ నేర్పక్కర్లేదు.

చట్టానికి ఈ నీళ్ల సంగతి తెలియదా అంటే తెలుసు. అమెరికా రవాణా భద్రతా నిబంధనల ప్రకారం, లాగుకెళ్లే క్యాంపర్ల తలుపు దగ్గర ఒక పసుపు లేబుల్ అంటించాలి. బండి ఎంత సామాను మోయగలదో అందులో రాసి, దాని కిందే నిండు ట్యాంకు నీళ్లు ఎన్ని కిలోల బరువో కూడా రాయాలి. లీటరుకు కిలో లెక్కన 150 లీటర్లంటే 150 కిలోలు, ఇద్దరు మనుషులు అదనంగా ఎక్కినట్టే. ఘాట్ రోడ్డెక్కే ముందు ఆ బరువు దింపుకోవాలని జాగ్రత్తపరులు చూస్తారు. బరువు ఎంతో రాయమన్న ప్రభుత్వం, దాన్ని ఎంత సులువుగా దింపుకోవచ్చో కూడా ఆ పక్కనే ఒక ముక్క రాయమంటే పోయేదేముంది? ఫ్రిజ్ మీద కరెంటు ఖర్చు రాసినట్టు ‘ఈ ట్యాంకు ఇన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది’ అని ఒక వరుస చాలు. ఆ వరుస వచ్చిన ఏడాదే వాల్వులు మారిపోతాయి.

కంపెనీల తరఫున చెప్పే మాట ఒకటుంది. చాలామంది క్యాంపుగ్రౌండుకు వెళ్లి అక్కడి కుళాయికి పైపు తగిలించుకుంటారు, ట్యాంకు వాడేదే తక్కువ, మరి దానికి ఖరీదైన వాల్వ్ ఎందుకని. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ రోజూ వాడే ట్యాంకు కన్నా వాడని ట్యాంకునే ఎక్కువసార్లు ఖాళీ చేయాలి. వాడేవాడి నీళ్లు వాటంతటవే మారుతుంటాయి. వాడనివాడి నీళ్లు బండి కింద ఎండకు గోరువెచ్చగా కాగుతూ నెలల తరబడి నిలిచిపోతాయి. ఈలోగా అందులోని క్లోరిన్ ఎగిరిపోతుంది. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో మాజీ సైనికుల సభకు వచ్చినవాళ్లను పట్టుకున్న న్యుమోనియా పేరు మీదనే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియాకు ఆ పేరొచ్చింది. 25 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీరే దానికి అనువైన ఇల్లు. వేసవిలో నిలిపి ఉంచిన బండి ట్యాంకు సరిగ్గా ఆ వేడిలోనే ఉంటుంది.

ట్యాంకు శుద్ధి చేసే పద్ధతి క్యాంపర్ వాడేవాళ్లలో చాలామందికి తెలిసిందే. వాసన కలపని ఇంటి బ్లీచ్ ప్రతి 15 గ్యాలన్లకు పావు కప్పు, అంటే వంద లీటర్లకు ఇంచుమించు వంద మిల్లీలీటర్లు పోసి, ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా తిప్పి, కొన్ని గంటలు నిలిపి, మొత్తం వదిలేయాలి. మళ్లీ మంచినీళ్లు నింపి, మళ్లీ వదలాలి. వాసన పోకపోతే ఇంకోసారి. అంటే ఒక్క శుద్ధికి కనీసం రెండుసార్లు ట్యాంకు అడుగంటా ఖాళీ కావాలి. ఎంతసేపు పడుతుందో చూద్దాం.

ఇటలీ శాస్త్రవేత్త తొరిచెల్లి 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. నీరు ఎంత వేగంగా దూకుతుందన్నది పైన ఎంత లోతు నీరుందన్న దాని మీద ఆధారపడుతుంది. క్యాంపర్ ట్యాంకు పలకలాగా వెడల్పుగా ఉంటుంది, లోతు అడుగుకు మించదు. లోతు పెంచలేం గనుక మన చేతిలో ఉన్నది రంధ్రం ఒక్కటే. 30 సెంటీమీటర్ల లోతున్న 150 లీటర్ల ట్యాంకును 6 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి వదిలితే, రాపిడీ ఇరుకూ లెక్క వేసుకుంటే రెండు గంటలు పడుతుంది. అదే ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్ల దారి ఉంటే పన్నెండు పదమూడు నిమిషాల పని. రంధ్రం వెడల్పు మూడు రెట్లు పెరిగితే దారి వైశాల్యం పది రెట్లు పెరిగింది మరి. ఇప్పుడు పై శుద్ధి లెక్క మళ్లీ చూస్తే, చిన్న బిరడాతో నాలుగు గంటలు, పెద్ద వాల్వ్‌తో అరగంట. మనిషి నాలుగు గంటల పనిని వాయిదా వేస్తాడు, అరగంట పని చేసేస్తాడు. దీనికి బద్ధకమని పేరు పెట్టి ఓనర్ల మీద నెట్టడం సరికాదు. పనిని అంత కష్టంగా కట్టినవాడిదే తప్పు.

అందుకే చేయి తిరిగినవాళ్లు బండి కొన్న మొదటి సీజన్లోనే ఆ బిరడా పీకేసి బాల్ వాల్వ్ బిగిస్తారు. పనికొచ్చే మార్పే, కానీ ఆత్రపడితే ఉన్నదీ పోతుంది. ట్యాంకు గోడలోంచి బయటికి వచ్చే నిపుల్ కూడా ప్లాస్టిక్కే. దాన్ని ట్యాంకుకు వేడితో అతికిస్తారు. పాత బిరడాను ఒక్క రెంచితో తిప్పితే బిరడాతో పాటు ఆ నిపుల్ కూడా మెలితిరిగి అతుకు దగ్గర చీరుకుపోతుంది. ఆ తర్వాత మార్చాల్సింది వాల్వును కాదు, ట్యాంకునే. కాబట్టి ఒక చేత్తో నిపుల్‌ను రెంచితో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో బిరడాను తిప్పాలి. మర మీద ఉన్న పాత టెఫ్లాన్ టేపు ముక్కలన్నీ ఏరేసి, కొత్త టేపు మర తిరిగే వైపుకే మూడు నాలుగు చుట్లు చుట్టాలి. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన రెంచితో ఒక చుట్టు చాలు. ఇనుప పైపులు బిగించే అలవాటున్న చెయ్యి ఇక్కడ పనికిరాదు.

ఇంకో చిక్కు మరలది. అమెరికాలో పైపు మర కొసకు సన్నబడుతూ వస్తుంది, తోట పైపు మర మాత్రం తిన్నగా ఉంటుంది. పెట్టె మీద రెండింటికీ ముప్పావు అంగుళం అనే రాసి ఉంటుంది. ఒకదానిలో ఒకటి చుట్టో రెండు చుట్లో ఎక్కుతుంది కూడా. ‘పట్టింది’ అనుకుని బిగిస్తే ఆ తర్వాత జీవితాంతం కారుతూనే ఉంటుంది. ఇంకొందరు ముప్పావు అంగుళం వాల్వ్ తెచ్చి, దానికీ ట్యాంకుకూ మధ్య ఉన్న సన్న గొట్టాన్ని అలాగే వదిలేస్తారు. డబ్బు ఖర్చయింది, నీళ్లు మాత్రం పాత వేగంతోనే పోతాయి. మొత్తం దారిలో ఎక్కడ అతి ఇరుకో అదే వేగం నిర్ణయిస్తుంది. ట్యాంకు నిపుల్ అర అంగుళమే అయితే అర అంగుళం వాల్వే పెట్టుకుని, లోపలి దారి పైపంత వెడల్పుండే ఫుల్ పోర్ట్ రకం తీసుకోవడం తెలివి.

అసలు సుఖమంతా వాల్వ్‌ను అంచుకు తెచ్చుకోవడంలో ఉంది. ట్యాంకు నుంచి పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు ఒక ముక్క లాగి, బండి పక్క అంచు దాకా తెచ్చి, అక్కడ వాల్వ్ బిగిస్తే వంగి ఒక్క పిడి తిప్పడమే పని. ఇత్తడి వాల్వ్ బరువు ప్లాస్టిక్ నిపుల్ మీద వేలాడకుండా ఫ్రేముకు క్లాంపు వేయాలి. లేకపోతే వంద మైళ్ల కుదుపుల్లో ఆ బరువే అతుకు విరిచేస్తుంది. పైపుకు అంచు వైపు కాస్త వాలు ఉండాలి. పిడి ఉన్న వైపు టైరు విసిరే రాయి తగలకుండా, మూసినప్పుడు పిడి బయటికి పొడుచుకు రాకుండా చూసుకోవాలి. పని అయ్యాక ట్యాంకు పావు వంతు నింపి, ప్రతి అతుకు కిందా పొడి టిష్యూ కాగితం పెట్టి గంట ఆగాలి. కంటికి కనబడని చెమ్మ కాగితానికి తెలుస్తుంది. స్విచ్చి నొక్కితే తెరుచుకునే కరెంటు వాల్వులు కూడా అమ్ముతున్నారు. నీళ్లు వదలడానికి కూడా ఫ్యూజు కావాలనడం కాస్త విడ్డూరమే. చేతి పిడికి మించిన భరోసా దాంట్లో లేదు.

ఇత్తడి అనగానే సీసం సంగతి చూసుకోవాలి. అమెరికాలో 1986 చట్టం తాగునీటి అమరికల్లో 8 శాతం దాకా సీసం ఉన్నా ‘సీసం లేనిది’ అనుకోనిచ్చింది. 2011లో ఆ చట్టాన్ని సవరించి, 2014 జనవరి 4 నుంచి నీళ్లు తగిలే భాగాల్లో సగటున 0.25 శాతం మించకూడదన్నారు. డ్రెయిన్ వాల్వులోంచి పోయే నీళ్లు ఎవరూ తాగరు కదా అని పాత సామాన్ల కొట్లో దొరికిన ఇత్తడి ముక్క తెచ్చి బిగించేవాళ్లున్నారు. కానీ వాల్వ్ మూసి ఉన్నన్నాళ్లూ దాన్ని తాకుతూ నిలిచేవి తాగే ట్యాంకు నీళ్లే.

చలి ప్రాంతాల్లో ఇంకో తిప్పలుంది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. బాల్ వాల్వును పూర్తిగా మూస్తే గుండు లోపలి బొర్రలో కొంచెం నీరు చిక్కుకుంటుంది. రాత్రి మంచుకు ఆ కొద్ది నీరే ఇత్తడి ఒంటిని చీల్చేయగలదు. అందుకే శీతాకాలానికి బండి మూసేటప్పుడు అంతా వదిలాక పిడిని సగం తెరిచి ఉంచాలి. ఈ ఒక్క మాట కరపత్రాల్లో రాయకపోవడం వల్ల పాడయ్యే వాల్వుకు, వాల్వుదే నాణ్యత లేదని నింద పడుతుంది.

నీళ్లు వదిలే బిరడా మీద ప్రభుత్వాలు చట్టం చేయగలవా అనేవారికి పడవలే జవాబు. మిన్నెసోటా రాష్ట్రంలో పడవను రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు డ్రెయిన్ బిరడా తీసి ఉంచాలని చట్టం. ఒక సరస్సులోని జీబ్రా ఆల్చిప్పలు ఇంకో సరస్సుకు పాకకుండా ఉండటానికి ఈ నియమం పెట్టారు. సరస్సు ఆరోగ్యం కోసం బిరడా మీద చట్టం చేయగలిగినవాళ్లు, పిల్లలు తాగే నీళ్ల ట్యాంకు కోసం ఒక కొలత పెట్టలేకపోవడానికి కారణం కనబడదు.

ఇదంతా మనకెందుకని తెలుగు పాఠకుడు అడగొచ్చు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవుల్లో క్యాంపర్ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్, గ్రాండ్ క్యాన్యన్ తిరిగే తెలుగు కుటుంబాలకు ఇది సూటిగా తగిలే సంగతే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఏడాది పిల్లలు ఆ ట్యాంకు నీళ్లతోనే నోరు పుక్కిలిస్తారు, పాల సీసాలు కడుగుతారు. అద్దె సంస్థ మనిషి తాళాలిచ్చేటప్పుడు మైక్రోవేవ్ ఎలా వాడాలో పది నిమిషాలు చెబుతాడు. ‘ట్యాంకు ఎప్పుడు శుద్ధి చేశారు, డ్రెయిన్ వాల్వ్ ఎక్కడుంది, ఒకసారి తెరిచి చూపించండి’ అని అడిగితే ఆ బండిని ఎలా చూసుకుంటున్నారో అక్కడే తేలిపోతుంది. చూపించలేకపోతే తాగడానికీ వంటకూ సీసా నీళ్లు కొనుక్కోవడమే మేలు.

ఇక్కడి సంగతికొస్తే, కారవాన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది సినిమా షూటింగులే. కానీ కేరళ 2021లోనే కారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది. బస్సు ఛాసిస్ మీద ఇలాంటి బండ్లు కట్టే వర్క్‌షాపులు మన దగ్గరా ఉన్నాయి. ఎల్కార్ట్ చేసిన తప్పునే మళ్లీ చేయాల్సిన అవసరం వాటికి లేదు. కట్టేటప్పుడే ట్యాంకు అడుగుకు వాలు ఇచ్చి, అంచున బాల్ వాల్వ్ పెట్టడానికి పట్టే అదనపు ఖర్చు బండి ధరలో కనబడనే కనబడదు.

అసలు బండి దాకా కూడా ఎందుకు, ఇంటి మీదికెక్కి చూస్తే చాలు. మేడ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకుల్లో అత్యధికం అడుగుకు రెండు మూడు అంగుళాల పైన నిపుల్ పెట్టి పైపు దించినవే. అడుగున పేరుకునే మడ్డి కుళాయిల్లోకి రాకూడదని అలా పెడతారు, అంతవరకు సరైనదే. మరి ఆ మడ్డి పోయే దారి ఏది? చాలా ఇళ్లలో లేదు. ట్యాంకు కడగడానికి వచ్చిన కుర్రాడు పైమూత తీసి లోపలికి దిగి, ‘సార్, అడుగు నీళ్లు దిగవు, మగ్గుతో తోడాల్సిందే’ అంటాడు. బకెట్టు, మగ్గు, పాత గుడ్డ, గంటన్నర పని. అందువల్లే ఆరు నెలలకోసారి అనుకున్నది రెండేళ్లకోసారి అవుతుంది. బోరు నీళ్ల ఇళ్లలో అడుగున తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. ఆ పెచ్చు మీదుగా పారిన నీళ్లతోనే వంట.

చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో తూమూ అంతే ముఖ్యమని ఈ నేల మీద ఎవరికీ చెప్పనక్కర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతూ, కట్ట నుంచి నీరు ఊరడాన్ని దోషంగా లెక్కపెట్టింది. నీళ్లు పోతే తూము దారినే పోవాలన్నమాట. పశువుల తొట్టికి సైతం అడుగున రంధ్రం పెట్టి, గుడ్డ చుట్టిన బిరడా కొట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్లాస్టిక్ ట్యాంకు వచ్చాక ఆ రంధ్రం మాయమైంది. డెంగీ కాలంలో ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రై డే పాటించమని, నిలవ నీళ్లు వారానికోసారి పారబోయమని వీధివీధీ తిరిగి చెబుతారు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి ఆ మాట నిజమే. అయితే మూత ఊడిపోయిన ట్యాంకును, దారి లేని తొట్టిని వారం వారం ఎవరు తోడి పారబోస్తారు?

ఇళ్లు కట్టేటప్పుడు ప్లాను మంజూరు చేసే మున్సిపాలిటీ ఇంకుడు గుంత ఉందా అని అడుగుతోంది. ట్యాంకుకు అడుగు డ్రెయిన్ ఉందా అని కూడా అడగాలి. అది వచ్చేలోగా ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఈసారి ట్యాంకు కడిగించేటప్పుడు ప్లంబరును కూడా అదే రోజు పిలిపించి, ట్యాంకు గోడకు వీలైనంత కిందగా రంధ్రం వేయించి, ముప్పావు అంగుళం ట్యాంక్ నిపుల్, దానికో బాల్ వాల్వ్, చివర ఎండ్ క్యాప్ పెట్టించండి. ట్యాంకును ఆ వైపుకు కొంచెం వాలుగా కూర్చోబెట్టమనండి. వదిలిన నీళ్లు మేడ మీద నిలవకుండా వాన నీటి గొట్టంలోకి పోయేలా ఒక ఎల్బో కలపమనండి. నెలకోసారి పిడి తెరిచి అడుగు మడ్డి పోయేదాకా ఒకటి రెండు నిమిషాలు వదిలితే చాలు, మగ్గుతో తోడే పని ఉండదు.